కుట్లకి వదలని అరంగుళం

ఎడమ చెయ్యి ఆమెది కాకుండా పోయి చాలాసేపయింది. ఆయన తల కింద ఎక్కడో ఉండాలి అది, భుజం దగ్గర్నుంచి మోచేతి దాకా తెలుస్తోంది, ఆ తర్వాత దిండెక్కడో చెయ్యెక్కడో తేడా తెలియడం లేదు, పోనీ, చెయ్యి సంగతి తర్వాత, ముందు ఆయన నిద్ర. పడుకున్నాడు. అవును, నిజంగానే పడుకున్నాడు, కళ్ళు మూసుకుని పళ్ళు బిగబట్టుకోవడం కాదు, ఆ తేడా ఆమెకి బాగా తెలుసు, రెప్పల కింద గుడ్లు కదలడం మానేశాయి, నోరు కాస్త తెరుచుకుంది, కిటికీలోంచి ఇంత ఎండ వచ్చి మొహం మీద పడుతున్నా ఉలుకూ పలుకూ లేదు. వెన్నులో ఆ పాడు జబ్బు చేరినప్పటినుంచి రాత్రికీ పగటికీ తేడా లేకుండా పోయిన మనిషి, నిన్నా మొన్నా కంటిమీద కునుకన్నది ఎరగని మనిషి, మందు వల్ల కాదు, మందు ఎప్పుడో చేతులెత్తేసింది, ఇంతకంటే పెంచడం కుదరదమ్మా అని డాక్టరు కూడా ఆమె మొహంలోకి చూడకుండానే చెప్పేశాడు, ఇదిగో మంచం పక్కన ఇస్త్రీబల్ల మీద తిరుగుతున్న ఈ అగ్గిపెట్టెంత బొమ్మరైలుబండి చప్పుడు వింటూ వింటూ ఆమె చేతిమీద ఒరిగిపోయాడు. టక్, టక్, టక్, టడక్. పట్టాలకి నాలుగు అతుకులు, మూడు తిన్ననివి, నాలుగోది అదో రకం. ఆమె ఊపిరి కూడా తెలియకుండానే ఆ వరసలో పడింది. బండి కిటికీ వైపు వెళ్ళింది, గోడ వైపు వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. అప్పుడు తగిలింది వాసన.

ముక్కు మోసం చేస్తోందేమో అనుకుంది. వీధిలో ఎవరో చెత్త తగలబెడుతున్నారని తనకి తనే సర్దిచెప్పుకుంది. కానీ ఇన్నేళ్ళు కుట్టుమిషను ముందు కూర్చున్న ముక్కుకి సర్దిచెప్పడం ఎవరి తరం? మిషనుకి మోటారు పెట్టించిన కొత్తలో, బళ్ళు తెరిచే ముందు యూనిఫారాలు గుట్టలుగా వచ్చిపడినప్పుడు, కాలు తియ్యకుండా పెడలు తొక్కేసింది, అప్పుడొచ్చింది ఇదే వాసన, తియ్యగా, ఎండలో మరిచిపోయిన ప్లాస్టిక్ దువ్వెనలాగా. మిషను బాగుచేసే అతను మోటారు విప్పి చూపించాడు. తీపి వాసన వచ్చినప్పుడే ఆపాలక్కా, చేదు వాసన దాకా వచ్చిందంటే లోపల తీగ మీద పూత కాలిపోయినట్టే, ఇక ఆపినా ఆపకపోయినా ఒకటే అన్నాడు. ఇప్పుడొస్తున్నది తీపి. ఇంకా తీపే. కాబట్టి ఇప్పుడు లేచి రెగ్యులేటరు తిప్పితే బండి బతుకుతుంది, అంతే కదా, ఎంత పని, చంటిపిల్ల చేసే పని. కానీ లేవాలంటే ఆయన తల కింద చెయ్యి తియ్యాలి.

అసలా మోటారు ఇంతసేపు తిరగడానికి పుట్టింది కాదు. పాతసామాన్ల బజారులో విరిగిన బొమ్మల బుట్ట అడుగున దొరికింది, పై ఒళ్ళు లేకుండా, ఉత్త చట్రం, నాలుగు చక్రాలు, గింజంత మోటారు. ఆ రోజు ఆయన ఇంటికొచ్చిన తీరు చూసి ఎవరికో ఏదో అయిందనుకుంది ఆమె. జేబులోంచి తీసి మిషను బల్ల మీద పెట్టాడు. ఇది మరీ చిన్న రైళ్ళ చట్రమే, బొమ్మరైళ్ళు చేసేవాళ్ళ లెక్కలో ఇది మామూలు వెడల్పు పట్టా మీద పరుగెత్తే బండి, దీని మీద నేను దీనికి రెండింతల కొలతలో ఇంజను కట్టాననుకో, పక్కన నిలబడే మనుషుల్ని కూడా ఆ కొలతకే చేశాననుకో, అప్పుడు ఈ పట్టా ఏమవుతుంది చెప్పు అన్నాడు. నాకేం తెలుసు, నా బల్ల మీద నూనె అవుతుంది అందామె. నేరోగేజి అవుతుందే పిచ్చిదానా, పట్టా అలాగే ఉంటుంది, మనిషి పెరుగుతాడు, అంతే, పైసా ఖర్చు లేకుండా సన్నపట్టాల రైలు. నేరోగేజంటేనే డబ్బు చాలనివాళ్ళ రైలని చెప్పుకొచ్చాడు, వెడల్పు పట్టా వెయ్యలేక, కొండని తవ్వించలేక, కొండ ఎలా తిరిగితే అలా తిరుగుతూ పోయే రైలు, గనులకీ కర్రల అడవులకీ వేసుకున్న రైలు, కాబట్టి దాన్ని దర్జాగా కొనుక్కొచ్చి పెట్టుకుంటే తప్పవుతుంది, అడ్డమైనవన్నీ ఏరుకొచ్చి కట్టుకోవడమే దాని మర్యాద అన్నాడు. ఆ మర్యాద పేరు చెప్పి ఇల్లంతా ఊడ్చేశాడు మహానుభావుడు. తాగేసిన టీపొడి ఎండబెట్టి పట్టాల మధ్య కంకర అన్నాడు, అంట్లు తోమే పీచుని తుంచి ఆమె గుడ్డలరంగులో ముంచి చెట్లన్నాడు, పేస్టు గొట్టం కోసి బోగీకి కప్పన్నాడు, తను పనిచేసే అచ్చాఫీసునుంచి తెచ్చిన అట్టముక్కలు గోడలు, ఆమె ప్రెస్ బటను ఇంజను నెత్తిమీద గుమ్మటం. బోగీ కిటికీలకి అద్దాలేవీ అని ఆమె వెక్కిరిస్తే కొన్నాళ్ళు ఆలోచించాడు. తర్వాతెప్పుడో తన వెన్నెముక ఎక్స్‌రే ఒకటి తీసి, బ్లీచింగు నీళ్ళలో నానేసి, నలుపంతా పోయి అద్దంలా అయ్యేదాకా రుద్ది, చిన్నచిన్న చదరాలుగా కోసి అతికించాడు. ప్రయాణికులు నా వెన్నులోంచి బయటికి చూస్తారు అని నవ్వాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. నవ్వే విషయమా అది. అయినా ఎంత బాగా వచ్చాయో కిటికీలు, ఇప్పుడు ఎండలో బోగీ మలుపు తిరిగినప్పుడల్లా తళుక్కుమంటున్నాయి. తియ్యటి వాసన ఇంకొంచెం దగ్గరికొచ్చింది.

ఇస్త్రీబల్ల మాటయితే ఇప్పటికీ ఆమె కడుపులో కసే. కాళ్ళు మడిచేది, ఎత్తు తగ్గించుకునేది, ఓ కొస సన్నంగా ముక్కులా ఉండేది, ఎంత మురిపెంగా కొనుక్కుంది. నాలుగు రోజులు ఇస్తావా, కొలతలు చూసుకుని ఇచ్చేస్తానన్నాడు. ఆ నాలుగు రోజులు ఇంకా అవలేదు. ఓ రోజు పొద్దున్న బట్టలకి ఇస్త్రీ చేద్దామని చూస్తే బల్ల మీద స్టేషను లేచి ఉంది, ముక్కు కొస దగ్గర కొండ వెలిసింది, ఆ ముక్కు దగ్గర పట్టాని అంత గట్టిగా మలిచిన వాడెవడూ ఉండడని మురిసిపోతూ ఆయన, ఒక చేత్తో ముడతల చొక్కా, ఇంకో చేత్తో ఇస్త్రీపెట్టె పట్టుకుని ఆమె. అరికాలి మంట నెత్తికెక్కింది. అంతలేసి మాటలన్నదా, ఆయన బల్ల ఖాళీ చేసింది లేదు, అప్పటినుంచి నేలమీద దుప్పటి పరిచి ఇస్త్రీ చేసుకుంటోంది. ఇప్పుడు ఆ కాళ్ళు మడిచే బల్ల గనకే మంచం ఎత్తుకి దించి ఆయన పక్కన ఇలా నిలబెట్టగలిగింది. మామూలు బల్ల మీద కట్టి ఉంటే బండి అక్కడే, ముందుగదిలో, ఆయన ఇక్కడ.

కొన్ని చుట్లు తిప్పి ఆపేవాడు ఆయన. ఇంజనుకి నీళ్ళు పట్టాలనేవాడు. స్టేషను పక్కన అగ్గిపుల్లల కాళ్ళ మీద జిగురుసీసా మూత బోర్లించి ఉంటుంది, అది నీళ్ళ ట్యాంకు, దాని కింద బండిని నిలబెట్టి, చేతులు కట్టుకుని, చూడ్డానికి వచ్చినవాళ్ళతో కాసేపు లోకాభిరామాయణం. వాళ్ళు నమ్మేవారు. మోటారు వేడెక్కిందని, చల్లారనివ్వకపోతే చస్తుందని ఆమెకొక్కదానికి తెలుసు. రెగ్యులేటరు మీద ఆమె చెయ్యి పడనిచ్చేవాడు కాదు. నేను డ్రైవర్ని, నువ్వు గార్డువి, గార్డు జెండా ఊపాలిగాని బండి నడపకూడదు, అది రూలు అనేవాడు. వంటింట్లోంచి మిషను దగ్గరికి పోతూ పోతూ ఓ పచ్చగుడ్డ పేలిక తీసి మూతి ముప్పై వంకర్లు తిప్పుతూ ఊపేది. ఆయనకదే చాలు. చేతులు వణకడం మొదలయ్యాక రూలు దానంతటదే పోయింది, ఎవరూ దాని మాటెత్తలేదు, ఆమె తిప్పుతోంది, ఆయన చూస్తున్నాడు. ఇవాళ కూడా ఆమే తిప్పింది. తిప్పి, ఆ రెగ్యులేటరు డబ్బాని మిషను బల్లమీదే వదిలేసి, పక్కనే గ్లాసుతో నీళ్ళు పెట్టుకుని, ఎవరిదో జాకెట్టు అంచు కుట్టుకుంటూ ఉంటే, ఆయన ఊరికే చూశాడు. పిలవలేదు. పిలిస్తే బాగుండేది. సూది గుడ్డలో గుచ్చేసి, సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కున్న ఇత్తడి అంగుస్తానా కూడా తియ్యకుండా వచ్చి పక్కన ఒరిగింది, చెయ్యి చాపింది, ఆయన తల పెట్టాడు. ఇలా అవుతుందని ఎవరనుకున్నారు. తిరిగే బండి ఆయనకి అవతల, ఆపే డబ్బా ఆమెకి వెనక, మధ్యలో ఇద్దరూ. మెడ తిప్పితే కనిపిస్తోంది డబ్బా, పక్కన నీళ్ళగ్లాసు, పిచ్చిమొహంలా.

వైరు. వైరు మాట ఇప్పుడు తట్టింది. డబ్బా నుంచి మంచం కాళ్ళవైపు వేలాడుతూ వచ్చి ఇస్త్రీబల్ల కిందికి పోతుంది కదా, కాలు చాపితే అందకపోతుందా. చాపింది. పిక్క పట్టేసింది, పళ్ళు బిగబట్టి ఇంకాస్త చాపింది, బొటనవేలికి చల్లగా తగిలింది, జారింది, మళ్ళీ తగిలింది, బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ఇరికించింది. దొరికావురా. చిన్నగా లాగితే చాలు, డబ్బా వెనకనుంచి ఊడొస్తుంది, ఊడిందంటే బండి ఆగుతుంది. ఆగితే. ఆగితే ఏమవుతుందో పొద్దున్నే చూసింది కదా. పొద్దున్న కూడా ఇలాగే కాస్త మగతగా వాలాడని సంబరపడి, మోటారుకి నీళ్ళు పడదామని పిల్లిలా వెళ్ళి రెగ్యులేటరు తిప్పింది, అలా బండి ఆగిందో లేదో ఇలా ఆయన కళ్ళు తెరిచాడు. అరవలేదు, మూలగలేదు. ఊరికే చూశాడు, చాలా దూరం వెళ్ళినవాణ్ణి జుట్టు పట్టుకుని వెనక్కి లాక్కొచ్చినట్టు చూశాడు, ఆ తర్వాత నొప్పి వచ్చి ఆయన మొహంలో కూర్చుంది. ఆ చూపు ఇంకోసారి చూడటం ఆమెవల్ల కాదు. అయితే ఆపకు. ఆపకపోతే మోటారు చస్తుంది. చస్తే రేపు? ఎల్లుండి? ఇలాంటి చట్రం మళ్ళీ దొరకదు, ఆయన కాళ్ళు బాగున్న రోజుల్లోనే ఆ బజారంతా గాలించాడు, రెండోది దొరికింది కాదు. రేపటి నిద్రలన్నీ ఆ గింజంత మోటారులో ఉన్నాయి, ఇవాళ్టి నిద్ర కూడా దాన్లోనే ఉంది, ఏది తీసుకోమంటారు ఆమెని. కాలివేళ్ళ మధ్య వైరు పట్టుకుని అలాగే ఉండిపోయింది. టక్, టక్, టక్, టడక్.

ఆ టడక్ వెనక పెద్ద కథేం లేదు, చెబితే నవ్వుతారు. అచ్చాఫీసులో కాగితాలు కోసే మిషను మీద ఆయన, ఇంట్లో గుడ్డలు కోస్తూ ఆమె, ఇద్దరూ కొలతల మీద బతికినవాళ్ళే. ఆఖరి పట్టాముక్క కొయ్యాల్సిన రోజున ఆయన చేతులు మొదటిసారి వణికాయి. వణుకని ఒప్పుకుంటాడా, చేతులకి జిగురంటింది నువ్వు కొయ్యి అని రంపం ఆమెకిచ్చి కొలత చెప్పాడు. ఇంట్లో ఏది కొయ్యమన్నా ఆమె చెప్పినదానికి అరంగుళం ఎక్కువే కోస్తుంది, కుట్లకి వదలాలి కదా, చేతికి అలవాటైపోయింది, ఆఖరికి అలమరలో పరిచే కాగితాలు కోసినా అంతే, ఎప్పుడూ అంచు మడిచి పరుచుకోవాల్సిందే. అది ఎరిగిన మనిషి గనక ఆయన ముందుగానే అరంగుళం తగ్గించి చెప్పాడు. ఆమె మాత్రం ఆ ఒక్కరోజు మహా బుద్ధిమంతురాలైపోయి, ఇది ఇనుము, గుడ్డ కాదు, ఈసారి ఈయనచేత అనిపించుకోకూడదని, చెప్పింది చెప్పినట్టు వెంట్రుకవాసి తేడా లేకుండా కోసింది. పెట్టి చూస్తే అరంగుళం ఖాళీ. ఆయన పట్టాకేసీ ఆమెకేసీ మార్చి మార్చి చూశాడు.

"కుట్లకి వదల్లేదూ?" అన్నాడు.

"ఇనుముకి కుట్లేమిటండీ?" అంది.

ఇంకో పట్టాముక్క లేదు ఇంట్లో. ఏడవాలో నవ్వాలో తెలియక మొదట ఆయనే నవ్వాడు, తర్వాత ఆమె, నవ్వీ నవ్వీ ఆయన నడుం పట్టుకుని కూలబడ్డాడు, అది నవ్వు వల్ల వచ్చిన నొప్పే అనుకున్నారు ఇద్దరూ. తేరుకున్నాక ఆమె జడలోంచి పిన్ను ఒకటి లాగి, అరంగుళం కోసి, ఖాళీలో పెట్టి అతికాడు. పిన్ను పట్టాకంటే పలచన, అందుకే చక్రం అక్కడ కాస్త దిగి, మళ్ళీ ఎక్కుతుంది. ఆ మధ్య ఆడపడుచు ఎవరినో అడిగి కొత్త ముక్క తెస్తానంటే వద్దన్నాడు, ఉండనీ, అది వినిపిస్తే బండి ఓ చుట్టు తిరిగి ఇంటికొచ్చినట్టు, కళ్ళు తెరిచి చూడక్కర్లేదు అన్నాడు.

తలుపు చప్పుడైంది. వేలితో కొట్టినట్టు, మెల్లిగానే. ఆయన కనుబొమ కదిలింది, ఆగింది. జాకెట్టు ఇచ్చిన అమ్మాయి అయి ఉంటుంది, ఇవాళ రమ్మని తనే చెప్పింది. దేవుడు పంపినట్టు వచ్చింది, లోపలికి రా తల్లీ, ఆ డబ్బా ఇక్కడికి అందించు, నాబు కాస్త తగ్గించు, మరీ ఆపకు, సగానికి, సగానికైతే ఆయనకి తెలియదేమో, మోటారూ బతుకుతుందేమో, ఇదంతా ఆమె నోట్లోనే ఉండిపోయింది. తలుపు లోపల గడియ వేసి ఉంది. వేసింది తనే, ఎవరూ వచ్చి లేపకూడదని.

"అక్కా, ఉన్నారా?"

ఉన్నాను. ఇక్కడే ఉన్నాను, తలుపుకి పది అడుగుల దూరంలో కూడా లేను.

"సరే, రేపొస్తాలెండి."

చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయింది. ఆ చప్పుడు పోయేదాకా విని, ఇక వినడానికి ఏమీ లేక ముక్కు ఎగబీల్చింది. తీపి పోయింది. చేదు. గొంతులో దిగే చేదు. కాలివేళ్ళ మధ్య వైరు ఇంకా ఉంది, ఇప్పుడు లాగితే? ఇక లాగినా ఒకటే లాగకపోయినా ఒకటే, అని ఎవరో లోపలనుంచి చెబుతున్నారు, ఇప్పటికిప్పుడు ఆపితే ఏమన్నా మిగులుతుందేమో అని ఇంకెవరో. పిక్క నరం మెలిపెట్టింది. వేళ్ళు వాటంతటవే వదిలేశాయి. వదిలేసిందా, వదిలేశాయా? వదిలేసింది. ఆయన మొహంలోకి చూస్తూ వదిలేసింది, అబద్ధమెందుకు. ఇవాళ్టి నిద్ర చేతిలో ఉంది, రేపటి సంగతి రేపు, అనుకోవడానికి అనుకుంది గాని కళ్ళలోంచి నీళ్ళు చెవిలోకి జారాయి, తుడుచుకోవడానికి కదలలేదు. బండి వేగం తగ్గింది. టక్కుకీ టక్కుకీ మధ్య ఎడం పెరిగింది. కొండ పక్కగా వస్తూ ముక్కు మలుపులో వగరుస్తున్నట్టు ఓసారి ముందుకి, ఓసారి లేదు. జడపిన్నుకి ఇవతలే నిలబడిపోయింది. పేస్టుగొట్టం కప్పు కిందనుంచి దారమంత పొగ లేచి, ఎండలో కాసేపు కనిపించి, పోయింది.

ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆమెకి తెలియదు. పంపు చుక్క పడింది. ఎక్కడో ఎవరింట్లోనో గిన్నె జారింది. ఆయన నోరు మూసుకుంది. రెప్పల కింద గుడ్లు కదిలాయి, కనుబొమల మధ్య గీత పడింది, ఆ గీత ఆమెకి తెలుసు, దాని వెనకే కళ్ళు తెరుచుకుంటాయి, దాని వెనకే ఆ చూపు. వద్దు వద్దు వద్దు. కుడిచెయ్యి వెనక్కి పోయి మంచం ఇనపపట్టెకి తగిలింది, అంగుస్తానా టక్కుమంది. ఆ చప్పుడుకి తనే ఉలిక్కిపడింది. మళ్ళీ కొట్టింది. టక్. ఇంకోటి, టక్. బండి నడిచేంత ఎడంలో, మరీ తొందర లేకుండా, టక్, టక్, ఒకే తీరుగా, కుట్టు పడ్డట్టు. గీత పోలేదు. ఇంకా లోతుగా పడింది. తల అటూ ఇటూ వెతుక్కుంటున్నట్టు ఆమె చేతిమీద కదిలింది, కదిలితే మొద్దుబారిన చెయ్యి కూడా భగ్గుమంది. ఏం కావాలండీ, కొడుతున్నాను కదా, ఇదిగో, టక్, టక్, టక్. టక్. కాదు. నాలుగోది అది కాదు. ఆమెకి అప్పుడు తట్టింది, ఎంత మొద్దు బుర్ర, తిన్నగా కొట్టుకుంటూ పోతోంది మహా బుద్ధిమంతురాలిలా. మూడు కొట్టి, నాలుగోదానికి వేలు కాస్త జార్చి, మళ్ళీ ఎక్కించింది. టడక్.

గీత పోయింది. నోరు మళ్ళీ తెరుచుకుంది.

టక్, టక్, టక్, టడక్. ఒక చుట్టు తిరిగి ఇంటికొచ్చాడు. మళ్ళీ బయల్దేరాడు. గార్డు బండి నడపకూడదని రూలు పెట్టిన మనిషి ఆమె చేతిమీద హాయిగా ఊపిరి తీస్తున్నాడు, ఆ ఊపిరి ఆమె మెడకి తగులుతోంది. వెనక్కి విరిచిన కుడిభుజం అప్పుడే పీకుతోంది. కిటికీ ఎండ ఆయన మొహం మీదనుంచి దిండు మీదికి దిగింది, దిండు మీదనుంచి గోడ ఎక్కడానికి ఇంకా చాలా పొద్దుంది, రోజూ వచ్చిపోయే ఆడపడుచు పని ముగించుకుని వచ్చి తలుపు తట్టడానికి అంతకంటే ఎక్కువ పొద్దుంది, వచ్చినా లోపల గడియ వేసే ఉంటుంది. బోగీ కిటికీలు మలుపులో అలాగే మెరుస్తున్నాయి. జిగురుసీసా మూత ట్యాంకు కింద ఎవరూ ఆగలేదు. టక్, టక్, టక్, టడక్. ఆమెకి దాహం వేస్తోంది. నీళ్ళగ్లాసు మిషను బల్ల మీద ఉంది.